దొంగ రీడింగు

మా మావయ్యగారు మనుషులు లేని గదిలో ఫ్యాను తిరగనివ్వరు. మనుషులున్న గదిలో కూడా ఆయన లెక్కప్రకారం కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే అయితే వరండాలో కూర్చోవచ్చు కదా అంటారు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మొదటివారం, నేను ఒంటినిండా సబ్బుతో ఉండగా స్నానాలగదిలో లైటు ఆరిపోయింది. కరెంటు పోయిందనుకుని చీకట్లోనే చెంబు కోసం తడుముకున్నాను. మర్నాడూ పోయింది. మూడోరోజుకి విషయం తెలిసింది. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట ఒకటే: "మావయ్యగారూ, లోపల నేనున్నాను!"

"ఉంటే ఉన్నానని ముందే చెప్పాలమ్మాయ్. తలుపేసుంటే ఎవరికి తెలుస్తుంది?" అంటారు బయటినుంచి.

ఇందులో తప్పెక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆయన కరెంటు ఆఫీసులో మీటర్ రీడరుగా చేశారు. ముప్ఫై రెండేళ్లు సైకిలు మీద తిరిగి, కుక్కలున్న ఇళ్లూ, మెట్లకింద బూజుపట్టిన మీటర్లూ ఏవీ వదలకుండా చదివారు. ఆ ఉద్యోగంలో దొంగ రీడింగు అని ఒక మాట ఉంది. ఎండకి జడిసి ఇంటిదాకా వెళ్లకుండా, ఏ నీడనో కూర్చుని, పోయిన నెల అంకెకి తోచినంత కలిపి రాసెయ్యడం అన్నమాట. అందరూ ఎప్పుడో ఒకప్పుడు రాసినవాళ్లేనట. ఈయన రాయలేదు. "ముప్ఫై రెండేళ్లలో ఒక్క దొంగ రీడింగు లేదు" అన్న మాట మా ఇంట్లో వారానికోసారైనా వినబడుతుంది. కొందరు పొలాల గురించి చెప్పుకుంటారు, కొందరు పిల్లల మార్కుల గురించి. మాకు చెప్పుకోవడానికి ఉన్నది ఇదే.

ఆ తర్వాత మీటర్లకి నోరొచ్చింది. కొత్తరకం మీటర్లు పావుగంటకోసారి తమ అంకె తామే సర్వర్లకి పంపుకుంటాయి. రీడర్ల అవసరం తీరిపోయింది, మావయ్యగారు ఇంటికొచ్చేశారు. ఆ సర్వర్లుండే గది బాధ్యత నాది. "మామ పని తీసేసిన మిషన్లకి కోడలు కాపలా" అని మా అత్తయ్యగారు ఒకసారి అన్నారు. ఆవిడ తక్కువ మాట్లాడతారు కాబట్టి అన్నది తిన్నగా వచ్చి తగులుతుంది.

నేను ఆ ఉద్యోగంలో ఆరేళ్లుగా టెంపరరీ. నా తర్వాత చేరినవాళ్లు పర్మినెంటు అయి, నాకే సలహాలు చెప్పడం మొదలుపెట్టారు. ఈసారి నా ఫైలు కదిలింది. నెలాఖరులో పై ఆఫీసునుంచి తనిఖీ అధికారి వస్తారనీ, గది చూసి ఆయన బాగుందంటే నేను పర్మినెంటు అనీ పెద్దసారు చెప్పారు. బాగులేదంటే ఏమిటని నేను అడగలేదు. ఆరేళ్లలో అది బాగానే నేర్చుకున్నాను.

తనిఖీకి ముందు పై ఆఫీసునుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. గది వేడి గురించి మిషను చెప్పేది చాలదు, పగటిపూట గంటకోసారి మనిషి లోపలికి వెళ్లి, గోడమీది థర్మామీటరు చూసి, రిజిస్టరులో రాయాలి. దానికొక మనిషి కావాలి. పెద్దసారు "ఎవరైనా ఉన్నారా?" అనగానే నా నోట్లోంచి మావయ్యగారి పేరు వచ్చేసింది. సేవాభావం కాదు. అప్పటికి ఆయన రిటైరై ఏడాదిన్నర. రోజుకి రెండుసార్లు మా ఇంటి మీటరు చదివి, తేడా ఎవరివల్ల వచ్చిందో భోజనాల దగ్గర విచారణ పెడుతున్నారు. పగలు కొన్ని గంటలు ఆ మనిషి బయట ఉంటే చాలనుకున్నాను.

మావయ్యగారు మొదటిరోజు ఇస్త్రీ చొక్కాతో, జేబులో రెండు పెన్నులతో వచ్చారు. గేటు దాటగానే నన్ను "మేడమ్" అన్నారు. నాకు ఒళ్లంతా ఏదోలా అయిపోయింది.

"మావయ్యగారూ, అలా అనకండి."

"ఆఫీసు ఆఫీసే మేడమ్. ఇల్లు ఇల్లే."

నేను వరండాలో కనబడితే కుర్చీలోంచి లేచి నిలబడేవారు. ఇంట్లో ఆయన ముందు నేను కాలు మీద కాలు వేసుకోను. అలాంటి మనిషికి ఎదురుగా నిలబడి, ఇది ఇలా చెయ్యండి, అది అలా చెయ్యకండి అని ఎలా చెప్పను? గది తలుపు పక్కన కుర్చీ వేయించాను. రిజిస్టరు చేతికిచ్చాను. గోడమీద అంటించిన కాగితం చూపించి, "అన్నీ ఇందులో ఉన్నాయి మావయ్యగారూ" అని వచ్చేశాను. ఆ కాగితం నేను రాసిందే. మొదటి నియమం: రీడింగు తీసేటప్పుడు రెండు ఏసీలూ నడుస్తూ ఉండాలి. రెండో నియమం: సాయంత్రం వెళ్లేటప్పుడు రెండు ఏసీలూ నడుస్తూ ఉండాలి. మధ్యలో కూడా నడుస్తూ ఉండాలని రాయడం నాకు తట్టలేదు. అన్నం నోటితో తినాలని ఎవరైనా రాస్తారా?

మూడోరోజునుంచి నా ఫోను అరవడం మొదలుపెట్టింది.

ఆ గది ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉండాలి. ముప్ఫై దాటితే నా ఫోనుకి హెచ్చరిక వస్తుంది. నలభై దగ్గరికి వెళ్తే సర్వర్లు తమ ప్రాణం కాపాడుకోవడానికి ఒక్కొక్కటే ఆగిపోతాయి. నా సీటు రెండో అంతస్తులో, గది కిందన. ఫోను అరవగానే పరిగెత్తుకుంటూ దిగాను. మావయ్యగారు లేచి నిలబడ్డారు, పక్కకి తిరిగి తలుపు తీశారు. లోపల రెండు ఏసీలూ చక్కగా చల్లగాలి కొడుతున్నాయి. థర్మామీటరు మాత్రం ముప్ఫై రెండు చూపిస్తోంది. నేను చూస్తూ ఉండగానే ముప్ఫై ఒకటయింది, ముప్ఫై అయింది. పావుగంటలో గది మామూలైపోయింది. పైకి వెళ్లి కూర్చున్నాను. గంట తిరక్కుండా మళ్లీ అరిచింది.

ఏసీ మెకానిక్కుని పిలిచాం. ఆఫీసులో అందరూ అతన్ని గ్యాసు మేస్త్రి అంటారు. ఏ ఏసీకి ఏ జబ్బు వచ్చినా "గ్యాసు తగ్గిందండి" అంటాడు, నింపుతాడు, వెళ్లిపోతాడు. ఈసారి నిచ్చెన ఎక్కి, గ్యాసు కొలిచి, మొహం వేలాడేసుకుని దిగాడు.

"గ్యాసు ఫుల్లుగా ఉందండి."

"మరి?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

ఫిల్టర్లు కడిగాడు. రెండుగంటలు ఆ గదిలోనే కూర్చున్నాడు. ఆ రెండుగంటలూ గది ఇరవై రెండు దాటలేదు. అతను సంచి సర్దుకుని గేటు దాటాడో లేదో, ముప్ఫై ఒకటి.

మర్నాడు మళ్లీ వచ్చి ఫోనులో గీత చూపించమన్నాడు. గీత రంపం పళ్లలా ఉంది, గంటకోసారి పైకి లేచి, గంటకోసారి కిందికి దిగుతోంది. రాత్రిళ్లు మాత్రం తిన్నగా ఇరవై రెండు దగ్గర గీసినట్టుంది.

"రాత్రి ఎవరుంటారండి ఇక్కడ?" అన్నాడు.

"ఎవరూ ఉండరు."

"పగలు?"

"మావయ్యగారుంటారు."

అతను తల గీరుకున్నాడు. "అయితే ఎండ వల్లేనండి. పగలే కదా ఎండ ఉండేది."

నాకూ సబబుగానే తోచింది. పడమటి గోడకి బయట తెల్లరంగు వేయించాం. రంపం పళ్లు అలాగే ఉన్నాయి. సెన్సరు పాడైందేమోనని మార్పించాను. సర్వర్లలో గంటకోసారి నడిచే పనులేమున్నాయో వెతికి, రెండు ఆపేశాను. ఆ రెండూ ఆగడం వల్ల వేరేచోట ఇద్దరు నన్ను తిట్టారు. చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు కదా, నా విషయంలో ఆ పిల్లాడు రోజూ నాతోపాటు ఒకే బస్సులో వచ్చి, నాకు లేచి నిలబడి, తలుపు తీస్తున్నాడు.

రిజిస్టరు చూడలేదా అని మీరడగవచ్చు. చూశాను. రోజూ సాయంత్రం నా బల్ల మీదికి వచ్చేది, సంతకం పెట్టేదాన్ని. అంకెల వైపు ఒకసారి కన్ను వేసేదాన్ని: ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై నాలుగు. కొంచెం ఎక్కువే గానీ కొంపలంటుకునేంత కాదు. ఫోను ముప్ఫై మూడు అంటుంటే కాగితం ఇరవై అయిదు అంటోంది. కాగితం రాసింది ఎవరో నాకు తెలుసు కాబట్టి, నేను ఫోనునే అనుమానించాను.

పదిహేడోరోజు మధ్యాహ్నం గది ముప్ఫై తొమ్మిదికి వెళ్లింది. ఒక సర్వరు ఆగిపోయింది. ఊళ్లో రెండు పేటల మీటర్లు ముప్పావుగంటసేపు తమ అంకెలు ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఊరుకున్నాయి. పెద్దసారు నన్ను పిలిచి టీ తాగుతూ అన్నారు:

"తనిఖీ శుక్రవారం."

"తెలుసండి."

"ఇవాళ మంగళవారం."

"అవునండి."

"చూసుకోండి మరి," అని టీ పూర్తిచేశారు. ఆయన సాయం సాధారణంగా ఈ స్థాయిలో ఉంటుంది.

మర్నాడు ఒక నిర్ణయానికి వచ్చాను. మనుషులు చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉండి, చూడనప్పుడు వేడెక్కే గదిని చూడనట్టుగా చూడాలి. రెండింటికి పది నిమిషాలుండగా మావయ్యగారు క్యారేజీ గిన్నెలు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లారు. నేను గదిలోకి దూరి, వెనకవరస ర్యాకుల చాటున స్టూలు వేసుకుని కూర్చున్నాను. అక్కడ ఒకటే హోరు. ఏసీలు నడుస్తున్నాయి. ఇరవై ఏడు, దిగుతోంది. బయట మావయ్యగారు వచ్చి కుర్చీ జరుపుకున్న చప్పుడు వినబడింది. రెండుగంటలకి లోపలికి వచ్చి, థర్మామీటరు దగ్గరగా నిలబడి చూశారు, రాశారు, మళ్లీ ఒకసారి చూశారు. ఇంత శ్రద్ధగా ఎవరు చేస్తారని లోపల్లోపల గర్వపడ్డాను. ఆయన బయటికి వెళ్లి తలుపు వేశారు.

టక్ మంది. ఒక ఏసీ ఆగింది. మళ్లీ టక్. రెండోది ఆగింది. మూడో టక్కుకి లైటు కూడా ఆరిపోయింది.

చీకట్లో సర్వర్ల పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఆలోచించే వ్యవధి లేకుండానే, పదకొండేళ్ల అలవాటు నా గొంతులోంచి అరిచింది:

"మావయ్యగారూ, లోపల నేనున్నాను!"

మూడు టక్కులూ వెనక్కి వచ్చాయి. లైటు వెలిగింది, ఏసీలు మూలిగి లేచాయి. తలుపు సందులోంచి మావయ్యగారి తల కనబడింది.

"ఉంటే ఉన్నానని చెప్పొద్దూ అమ్మాయ్?" అని, వెంటనే నాలిక్కరుచుకుని, "మేడమ్," అన్నారు.

స్విచ్చులు తలుపు బయట, ఆయన కుర్చీకి సరిగ్గా పైన ఉన్నాయి. ఎవరైనా వస్తుంటే లేచి, వేసి, తలుపు తీసేవారు. వచ్చినవాళ్లకి గాలి వెయ్యడం మర్యాద కదా. రీడింగుకి పావుగంట ముందు వేసేవారు, నియమం ఒకటి ప్రకారం. సాయంత్రం వేసి వెళ్లేవారు, నియమం రెండు ప్రకారం. మిగతా వేళల్లో గది ఖాళీ.

"ఇదంతా మీరు నాకు చెప్పనేలేదే," అన్నాను. గొంతు కాస్త పెరిగింది.

"రాశానుగా," అన్నారాయన.

రిజిస్టరు తెరిచారు. అంకెల పక్కన గమనికలు అని ఒక గడి ఉంది. అందులో ఆయన గుండ్రటి చేతిరాత, గంటగంటకీ, పద్దెనిమిది రోజులుగా ఉంది. "10.10: గది ఖాళీ. ఏసీలు ఆపడమైనది. 10.45: వేయడమైనది. 11.05: గది ఖాళీ. ఆపడమైనది. 11.20: మేడమ్ రాక. వేయడమైనది. 11.40: మేడమ్ పోక. ఆపడమైనది." నేను ఎన్నిసార్లు పరిగెత్తుకొచ్చానో నిమిషాలతో సహా ఉంది. ముందురోజుదాకా ప్రతి పేజీ కిందా నా సంతకం, వంకరపోకుండా, పొడుగ్గా ఉంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అరవడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఇప్పుడు ఎవరిమీద అరవాలో తెలియక నోట్లోనే ఉండిపోయాయి. చివరికి చెప్పాల్సింది చెప్పాను, మొదటిరోజు చెప్పాల్సింది. ఈ చల్లదనం మనుషులకోసం కాదు, మిషన్లకోసం. అవి పనిచేస్తున్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటాయి. నిమిషం కూడా ఆపకూడదు.

మావయ్యగారు ర్యాకులవైపు చాలాసేపు చూశారు.

"ఊళ్లో మీటర్లన్నీ చదివేది ఇవేనా?"

"ఇవే మావయ్యగారూ."

"ఎండలో తిరిగినన్నాళ్లు తిరిగింది మేమూ, చల్లగా కూర్చునేది ఇవీనా?" అన్నారు. కోపంగా అనలేదు. రీడింగు చదివినట్టే అన్నారు.

ఆ క్షణంనుంచి గది ఇరవై రెండులో ఉంది. రంపం పళ్లు పోయాయి. గ్యాసు మేస్త్రికి ఫోను చేసి బాగైందని చెప్తే, "నేనన్లా, ఫిల్టర్లే," అన్నాడు.

సంగతి పెద్దసారుకి చెప్పక తప్పలేదు. ఆయన రిజిస్టరు తిరగేసి, నా సంతకాలు చూసి, సొరుగులోంచి కొత్త రిజిస్టరు తీసి నా ముందు పెట్టారు.

"రేపటికల్లా ఇందులో రాయించండి. అన్నీ ఇరవై రెండు. గమనికలు అక్కర్లేదు. పాతది ఎలకలు కొట్టేశాయనుకుందాం."

"మా ఆఫీసులో ఎలకలు లేవండి."

"పర్మినెంటు ఎవరికి కావాలి, మీకా నాకా?" అన్నారు.

కొత్త రిజిస్టరు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం, ఆ నెలంతా ఇంట్లో లేరు. ఉన్నా "నాన్నని నువ్వే అడుగు" అనేవారు. భోజనాల బల్ల మీద పుస్తకం పెట్టి, నీళ్లు నములుతూ నిలబడ్డాను. మావయ్యగారు అట్ట తిప్పి, మొదటి పేజీ ఖాళీగా ఉండడం చూసి, కళ్లజోడు తీసేశారు.

"దొంగ రీడింగా?"

"పెద్దసారు రాయించమన్నారు మావయ్యగారూ."

"పెద్దసారు సంగతి నాకెందుకు? నీకు కావాలా?"

అబద్ధం చెప్పి లాభం లేదు. "కావాలి," అన్నాను. ఆరేళ్లు కళ్లముందు తిరిగాయి, నా వెనక చేరి నన్ను దాటిపోయినవాళ్ల మొహాలతో సహా.

ఆయన కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు. పైన ఫ్యాను కింద ఇద్దరం ఉన్నాం కాబట్టి అది తిరుగుతూనే ఉంది.

"నా చేత్తో రాయలేనమ్మాయ్," అన్నారు. "ఏమనుకోకు. కావాలంటే నువ్వు రాసుకో, నేను చూడలేదనుకుంటాను."

"చూసి చూడలేదనుకోవడం మాత్రం దొంగ రీడింగు కాదేమిటి?" అన్నారు అత్తయ్యగారు వంటింటి గుమ్మంలోంచి.

ఆయన లేచి వరండాలోకి వెళ్లిపోయారు. నేను పెన్ను తీసి, తేదీ వేసి, ఇరవై రెండు అని ఒకసారి రాశాను. అక్కడితో ఆపేశాను. నిజాయితీ అనుకునేరు, కాదు. నా రెండు ఆయన రెండులా లేదు. చిత్తుకాగితం మీద మళ్లీ మళ్లీ ప్రయత్నించాను, తోక తిరగడం లేదు. కొత్త పుస్తకం మళ్లీ సంచిలోకే వెళ్లింది, పాతదే తనిఖీకి వెళ్లింది.

తనిఖీ అధికారి సన్నటి మనిషి. మెడలో ఒక కళ్లజోడు, జేబులో ఒకటి. ఒకటి మనుషులకి, ఒకటి కాగితాలకి అనుకుంటాను. గదిని రెండు నిమిషాలు చూశారు. ఇరవై రెండు. రిజిస్టరుని మాత్రం అరగంట చదివారు. మా ఆఫీసులో ఎవరైనా ఒక కాగితాన్ని అరగంట చదవడం నేనప్పుడే చూశాను. పెద్దసారు పైకప్పు చూస్తున్నారు. నేను నేల చూస్తున్నాను. మావయ్యగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"'గది ఖాళీ. ఏసీలు ఆపడమైనది.' ఇది రాసిందెవరు?"

"నేనేనండి," అన్నారు మావయ్యగారు.

"ఆపిందెవరు?"

"నేనేనండి. రాశాను కదండి."

"ఎందుకు ఆపారు?"

"గదిలో ఎవరూ లేరు కదండి."

అధికారి కళ్లజోడు మార్చుకుని ఆయన మొహంలోకి చూశారు. "ఈ గదిలో ఏసీ ఆపకూడదని మీకెవరూ చెప్పలేదా?"

ఉన్న విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. లేదండీ అంటే నా పని అయిపోయినట్టే. ఆయన లేదండీ అనే అంటారని నాకు తెలుసు, ఎందుకంటే అదే నిజం. నేనే చెప్పాలని నోరు తెరిచాను. తెరిచానో, తెరుద్దామనుకున్నానో, ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

"చెప్పారండి," అన్నారు మావయ్యగారు. "మేడమ్ మొదటిరోజే చెప్పారు. తర్వాత కూడా పదిసార్లు చెప్పారు. నాకే గుర్తుండదండి. వయసైపోయింది, మతిమరుపు."

ఏ వీధిలో ఏ ఇంటి మీటరు ఎన్నో మెట్టు కింద ఉంటుందో ఈ రోజుకీ కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషి ఆ మాట అన్నారు. మొహంలో ఏ మార్పూ లేదు. నేను నోరు మూసుకున్నాను. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

అధికారి ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాశారు. మావయ్యగారి ముందుకి జరిపి, సంతకం చెయ్యమన్నారు. మావయ్యగారు కళ్లజోడు పెట్టుకున్నారు. వాక్యం కింద వేలు పెట్టి, నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదివారు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటినుంచి చదివారు.

"తేదీ వెయ్యలేదండి," అన్నారు.

అధికారి తేదీ వేశారు. మావయ్యగారు జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టారు. ఆయన దేనిమీద సంతకం పెడుతున్నారో ఆయనకి అక్షరం అక్షరం తెలుసు. నేను పదిహేడు పేజీలు చదవకుండా పెట్టాను. ఈయన ఒకే పేజీ రెండుసార్లు చదివి పెట్టారు. ఆ తేడా చూసి నాకు అక్కడే భూమిలోకి వెళ్లిపోవాలనిపించింది.

"మీరు కూడా," అని అధికారి కాగితం నావైపు జరిపారు. "కింద, పర్యవేక్షకురాలు అన్నచోట."

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. పెట్టేయండి అని దానర్థం.

నేను చదివాను. "పర్యవేక్షకురాలు పలుమార్లు హెచ్చరించినప్పటికీ, సదరు ఉద్యోగి వృద్ధాప్యం వలన కలిగిన మతిమరుపు కారణంగా..." అక్కడినుంచి అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి చదివాను.

"ఇది తప్పండి," అన్నాను. "నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. మామగారికి చెప్పడానికి మొహమాటపడి చెప్పలేదు. ఆయనకి మతిమరుపు లేదు. ఆపినప్పుడల్లా రాశారు. నేనే చదవకుండా సంతకాలు పెట్టాను."

పెద్దసారు మళ్లీ పైకప్పు చూశారు. అధికారి నావైపు ఒక కళ్లజోడుతోనూ, కాగితం వైపు ఇంకొక కళ్లజోడుతోనూ చూసి, అడ్డంగా రెండు గీతలు గీసి కొట్టేశారు. వేరే కాగితం తీసుకుని కొత్తగా రాశారు. అందులో మతిమరుపు లేదు. అశ్రద్ధ అన్న మాట ఉంది, నాకు సంబంధించి. చదివి సంతకం పెట్టాను. నా పర్మినెంటు ఇంకో ఏడాది తర్వాత చూస్తారట. మావయ్యగారిని అదే పనిలో ఉంచవచ్చని కూడా రాశారు. ఇన్ని ఆఫీసుల్లో తాను చూసిన రిజిస్టర్లలో ఉన్నది ఉన్నట్టు రాసినది ఇదొక్కటేనని వెళ్తూ వెళ్తూ నోటితో అన్నారు. అది కాగితం మీద పెట్టలేదు.

సాయంత్రం ఇద్దరం బస్టాపుకి నడుస్తున్నాం. మావయ్యగారు నాకంటే రెండడుగులు ముందు, చేతులు వెనక్కి కట్టుకుని, బిర్రబిగుసుకుని నడుస్తున్నారు. కోపం వస్తే ఆయన నడక అలాగే ఉంటుంది. అరిచినా బాగుండును అనిపించింది.

"మావయ్యగారూ, క్షమించండి," అన్నాను వెనకనుంచి.

ఆయన ఆగి వెనక్కి తిరిగారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ముప్ఫై రెండేళ్లు పట్టిందమ్మాయ్ నాకు, ఒకే ఒక్క దొంగ రీడింగు ఇవ్వడానికి," అన్నారు. "అదీ కొట్టించేశావు."